ఎంజైములు, వేగాలు: లాలాజలం నుంచి పత్తిచేను దాకా

"సావనీరుకి ఒక సైన్సు వ్యాసం కావాలి మాస్టారూ, కాని పాఠంలా ఉండకూడదు" అని మన విద్యార్థి సంఘం కార్యదర్శి షరతు పెట్టి వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి బతికినవాడు పాఠంలా లేకుండా ఎలా రాస్తాడు? కనుక ఇది పాఠమే. కాకపోతే పరీక్షలో రాదు. అసలు సంగతిలోకి వెళ్ళేముందు, చదువుకునే రోజుల్లో నేనొక దొంగ రీడింగు రాసి పట్టుబడ్డ కథ చెప్పాలి. ఎంజైముల గురించి నాకు తెలిసినదంతా ఆ మధ్యాహ్నంతోనే మొదలయింది.

1984లో నేను బి.యస్సీ. రెండో సంవత్సరం. ఆ రోజు ప్రయోగం మీలో చాలామందికి తెలిసిందే. నోరు పుక్కిలించి, చిన్న మైనపు ముక్క నములుతూ బీకరులోకి లాలాజలం పట్టాలి. దూది మీదుగా వడగట్టి నీళ్ళతో పలచన చెయ్యాలి. అందులో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పిండిపదార్థాన్ని ముక్కలు చేసి మాల్టోజ్ అనే చక్కెరగా మార్చడం దాని పని. అన్నం ముద్దను మింగకుండా చాలాసేపు నమిలితే తియ్యగా అనిపించేది ఇందుకే. పింగాణీ పలక గుంటల్లో ఒక్కొక్క చుక్క అయొడిన్ వేసి ఉంచుకుని, అరనిముషానికోసారి మిశ్రమంలోంచి ఒక చుక్క తీసి అందులో కలుపుతాం. మొదట ముదురు నీలం వస్తుంది. తరవాత ఊదా, ఆ తరవాత ఎర్రమట్టి రంగు. చివరికి అయొడిన్ పసుపు తప్ప వేరే రంగు రాదు. ఆ ఘడియకే అక్రోమిక్ పాయింట్ అని పేరు. అది ఎంత త్వరగా వస్తే ఎంజైము అంత వేగంగా పనిచేసినట్టు లెక్క.

వేర్వేరు వేడి నీళ్ళ తొట్లలో గొట్టాలు పెట్టి ఈ కాలం కొలవాలి. పుస్తకంలో దీనికి గంట ఆకారపు గ్రాఫు ఉంది. 37 డిగ్రీల దగ్గర శిఖరం, అటూ ఇటూ దిగుడు. నా గొట్టాలన్నీ పుస్తకం చెప్పినట్టే నడిచాయి, 55 డిగ్రీల గొట్టం తప్ప. అది మొదటి రెండు నిముషాలూ 37 డిగ్రీల గొట్టం కన్నా ముందు పరుగెత్తింది. నీలం పోయి ఎర్రమట్టి రంగు వచ్చేసింది. తీరా అక్కడ ఆగిపోయింది. పావుగంట చూశాను, అరగంట చూశాను, అదే ఎర్రరంగు. నా చెయ్యి ఎక్కడో తప్పు చేసిందనుకుని, పుస్తకంలోని గంట చెడిపోకుండా '14 నిముషాలు' అని రికార్డులో రాసేశాను.

మాస్టారు రికార్డు చూసి, "ఏమోయ్, 55 దగ్గర రెండో నిముషంలో ఏ రంగు వచ్చింది?" అన్నారు.

"నీలమే సార్" అన్నాను.

"నీలం కాదు. ఎర్రగా వచ్చి ఆగిపోయింది. ఏటేటా ఎవరో ఒకరికి అలాగే వస్తుంది, ఏటేటా 14 అనే రాస్తారు" అని కలం పెట్టి ఆ అంకె కొట్టేశారు. కోప్పడలేదు. అదే గొట్టాన్ని మళ్ళీ పెట్టమన్నారు. కాని ఈసారి పిండిద్రావణం కలపకముందు లాలాజలాన్ని ఒక్కదాన్నే పది నిముషాలు 55 డిగ్రీలలో ఉంచమన్నారు. అలా ఉంచి, తరవాత కలిపాను. నీలం కదలలేదు. "ఇప్పుడు చెప్పు. 55 డిగ్రీలలో ఈ ఎంజైము వేగం ఎంత?" అని అడిగారు. ముందు చేసినప్పుడు 37 కంటె ఎక్కువ, ఇప్పుడు దాదాపు సున్న. ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. "ఎంతసేపటి తరవాత అని నన్ను తిరిగి అడగాలోయ్" అన్నారు.

ఆ ప్రశ్న ఎందుకు అడగాలో తెలియాలంటే ఎంజైము ఏం చేస్తుందో ముందు చెప్పుకోవాలి.

ఏ రసాయన చర్య జరగాలన్నా అణువులు మధ్యలో ఒక మిట్ట ఎక్కి దిగాలి. దీన్ని ఉత్తేజన శక్తి అంటాం. ఎంజైము చేసేదల్లా ఆ మిట్ట ఎత్తు తగ్గించడం. చర్య చివరికి ఎంతవరకు వెళ్ళి ఆగుతుందో దాన్ని అది మార్చలేదు. అక్కడికి ఎంత త్వరగా చేరుతుందో మాత్రం మారుస్తుంది. ఎంత త్వరగా అంటే, నమ్మడం కష్టం. మన కణాల్లో డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ.ల ముడిసరుకు తయారీలో ఒక మెట్టు ఉంది. ఓరోటిడిన్ మోనోఫాస్ఫేటు నుంచి ఒక బొగ్గుపులుసు వాయువు అణువును ఊడదియ్యడం. ఎంజైము లేకుండా మామూలు నీళ్ళలో ఇది సగం జరగడానికి సుమారు 7 కోట్ల 80 లక్షల ఏళ్ళు పడుతుందని 1995లో రాడ్జికా, వుల్ఫెండెన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఎంజైము చేతిలో అదే పని సెకనులో యాభయ్యో వంతులో అయిపోతుంది.

ఈ పనంతా ఆకారం వల్ల. ఎంజైములు దాదాపు అన్నీ ప్రొటీన్లే. జాక్‌బీన్ అనే ఒక రకం చిక్కుడు గింజల నుంచి యూరియేజ్ ఎంజైమును సమ్నర్ 1926లో స్ఫటికాలుగా తీసి, ఎంజైము ప్రొటీనేనని చూపించాడు. చాలామంది పెద్దలు నమ్మలేదు. నోబెల్ బహుమతి రావడానికి 1946 దాకా ఆగాల్సివచ్చింది. ఆర్.ఎన్.ఏ. కూడా కొన్నిచోట్ల ఈ పని చెయ్యగలదని 1980ల్లో తేలింది కాని ఆ కథ ఇక్కడ వద్దు. ప్రొటీను గొలుసు ముడుచుకుని ముద్దయినప్పుడు దాని ఒంటిమీద ఒకచోట చిన్న గుంట ఏర్పడుతుంది. అదే క్రియాస్థానం. ఎంజైము ఏ పదార్థం మీద పనిచేస్తుందో ఆ పదార్థాన్ని క్రియాధారం అంటాం. అది వచ్చి గుంటలో కూర్చుంటుంది. తాళంలో తాళంచెవిలా అని ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పాడు. తాళం కూడా చెవిని బట్టి కొంచెం సర్దుకుంటుందని 1958లో కోష్‌లాండ్ సవరించాడు. నా మటుకు నాకు తాళం కన్నా చెప్పు పోలిక నచ్చుతుంది. కాలు పెట్టాకే తోలు సర్దుకుంటుంది.

ఇప్పుడు 55 డిగ్రీల గొట్టం సంగతి. వేడి పెరిగితే అణువుల కదలిక పెరుగుతుంది. పది డిగ్రీలకు చర్యావేగం సుమారు రెండింతలవుతుంది. ఇది మామూలు రసాయన చర్యలకూ ఉన్నదే. ఎంజైముకు రెండో గొడవ ఒకటి ఉంది. అదే వేడికి దాని ముడతలు విడిపోతాయి, గుంట చెదిరిపోతుంది. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడడం లాంటిదే ఇదీ, మళ్ళీ పచ్చిసొన కాదు. అంటే ఆ గొట్టంలో ఒకేసారి రెండు పనులు జరుగుతున్నాయి. బతికున్న ఎంజైము రెట్టింపు వేగంతో పిండిని కోస్తోంది. నిముషనిముషానికీ బతికున్న ఎంజైము తగ్గిపోతోంది. నేను కొలిచింది ఈ రెంటి కలయికను. రెండు నిముషాలు చూసినవాడికి 55 మేలనిపిస్తుంది, పావుగంట చూసినవాడికి 37 మేలనిపిస్తుంది. ఫలానా ఎంజైముకు ఫలానా డిగ్రీ అనుకూలం అని పుస్తకంలో ఒక్క అంకె వేసి ఊరుకుంటే అది సగం మాటే. ఎంతసేపు కొలిచారో పక్కనే రాసి ఉండాలి.

ఆమ్ల, క్షార గుణాల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, మీకు తెలిసిందే కాబట్టి. పీహెచ్ మారితే గుంటలోని విద్యుదావేశాలు మారతాయి. జీర్ణాశయంలో పనిచేసే పెప్సిన్‌కు సుమారు 2 కావాలి. చిన్నప్రేవులో పనిచేసే ట్రిప్సిన్‌కు 8 దరిదాపుల్లో ఉండాలి. అమైలేజ్‌కు 7కు కాస్త తక్కువ చాలు. అన్నట్టు అమైలేజ్‌కు క్లోరైడు కూడా కావాలి. లాలాజలంలోని లవణాలను తీసేస్తే అది మందకొడిగా పడివుంటుంది. చిటికెడు ఉప్పు వేస్తే లేచి కూర్చుంటుంది. ప్రయోగం సరిగా రాని కుర్రాళ్ళకు చాలాసార్లు ఈ చిటికెడు ఉప్పే గట్టెక్కించింది.

క్రియాధారం ఎంత ఉంటే వేగం అంత పెరుగుతుందా? కొంతదాకా పెరుగుతుంది. మన హాస్టలు మెస్సులో సాంబారు పోసేవాడు ఒక్కడే అనుకోండి. గిన్నెలు పట్టుకుని నిముషానికి ఇద్దరు వస్తే ఇద్దరికి పోస్తాడు, నలుగురొస్తే నలుగురికి. అరవైమంది ఒక్కసారి మీదపడితే మాత్రం అతని చెయ్యి ఎంత వేగంగా ఆడగలదో అంతే. క్యూ పెరుగుతుంది గాని వేగం పెరగదు. అదే గరిష్ఠ వేగం. దాన్ని పెంచాలంటే రెండో వడ్డించేవాణ్ణి పెట్టాలి, అనగా ఎంజైము పరిమాణం పెరగాలి. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. 1913లో బెర్లిన్‌లో మైకేలిస్, కెనడా నుంచి వచ్చిన మాడ్ మెంటెన్ అనే వైద్యురాలు, చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ మీద దీన్ని సమీకరణంగా తేల్చారు. వేగం గరిష్ఠంలో సగం ఉన్నప్పటి క్రియాధార గాఢతకే మైకేలిస్ స్థిరాంకమని పేరు. పారిస్‌లో విక్టర్ హెన్రీ 1903లోనే దాదాపు ఇక్కడిదాకా వచ్చాడు. మరి పేరు వీళ్ళకెందుకు దక్కింది? వీళ్ళు పీహెచ్ కదలకుండా బఫరు పెట్టారు. పైగా చర్య మొదలైన క్షణంలోని వేగాన్నే లెక్కలోకి తీసుకున్నారు. ఆలస్యమయ్యేకొద్దీ క్రియాధారం తరుగుతుంది, తయారైన సరుకు అడ్డుపడుతుంది. చూశారా, అక్కడా మా మాస్టారి ప్రశ్నే.

ఇక నిరోధకాలు. క్రియాధారంలాంటి రూపంతో వచ్చి గుంటలో కూర్చుని, పని జరగనివ్వని అణువులివి. అన్నీ చెడ్డవి కావు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమైనాప్టెరిన్‌ను తయారుచేసింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చి, కొందరికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఈనాటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే. అది ఒక ఎంజైము గుంటలో కూర్చుంటుంది. కణం డి.ఎన్.ఏ. తయారుచేసుకోవడానికి కావలసిన ఫోలేటు అందదు. ఇలాంటి నిరోధకం వచ్చి కూర్చున్నా మళ్ళీ లేస్తుంది. లేవని రకం ఇంకొకటుంది.

దాన్ని నేను 1991లో మా ఇంట్లోనే చూశాను. అప్పటికి నేను లెక్చరరునై ఈ పాఠమే చెబుతున్నాను.

మాది గుంటూరు జిల్లా పత్తి నేల. ఆ సెప్టెంబరు ఆఖరులో మా చిన్నాన్న ఎదురుగాలిలో మోనోక్రోటోఫాస్ కొట్టి, తడిసిన చొక్కాతోనే చేలో అన్నం తిని, సాయంత్రానికి పడిపోయాడు. ఒళ్ళంతా చెమట, నోటివెంట చొంగ, కంటిపాపలు సూదిమొనంత, దండలో కండరాలు వాటంతటవే అదురుతున్నాయి. పట్నంలో ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరుగారు ముందు ఆ బట్టలు తీయించి సబ్బుతో ఒళ్ళు కడిగించారు. కడుగుతుండగానే నన్ను అడిగిన మొదటి మాట "మందు మీద పడి ఎంతసేపయింది?"

ఆ మాట ఎందుకడిగారో నాకు తెలుసు. నరం కండరానికి ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఎసిటైల్ కోలిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఆజ్ఞ అందగానే దాన్ని తుడిచెయ్యాలి. లేకపోతే ఆజ్ఞ మోగుతూనే ఉంటుంది. తుడిచే ఎంజైము ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్. ఒక్కొక్క అణువును కోసి వదలడానికి దానికి సెకనులో పదివేలవంతు కూడా పట్టదు. దాని గుంటలో సెరీన్ అనే భాగం ఉంది. మామూలుగా ఎసిటైల్ ముక్క సెరీన్‌ను అంటుకుంటుంది, నీటి అణువొకటి వచ్చి వెంటనే విడిపిస్తుంది. ఆర్గానోఫాస్ఫేటు మందులు ఇదే చోట ఫాస్ఫేటు ముక్కను అంటిస్తాయి. దాన్ని నీరు విడిపించడానికి గంటలు పడుతుంది, కొన్ని మందులకైతే రోజులు. ఈలోగా ఆ ముక్క తనలోంచి చిన్న భాగం ఒకటి రాల్చుకుని ముదిరిపోతే ఇక ఏమిచ్చినా ఊడదు. మోనోక్రోటోఫాస్ రకం మందులకు ఈ ముదరడం సుమారు నాలుగు గంటల్లో సగం అయిపోతుంది. ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు ఫాస్ఫేటును పీకాలంటే అది ముదరకముందే పడాలి. దాని ఉపయోగం ఎంతన్నదాని మీద వైద్యుల్లో నేటికీ ఒక మాట లేదు. అట్రోపిన్ విషయంలో ఆ అనుమానం లేదు. కాని అట్రోపిన్ ఎంజైమును బాగుచెయ్యదు. మోగుతున్న ఆజ్ఞ గుండెకూ ఊపిరితిత్తులకూ గ్రంథులకూ వినపడకుండా చెవులు మూస్తుంది, అంతే.

చిన్నాన్న ఆరు రోజుల్లో ఇంటికి వచ్చాడు. "ఈ సీజనంతా మందు డబ్బా ముట్టుకోవద్దు" అని డాక్టరుగారు చెప్పి పంపారు. రెండు వారాలు పోయాక నేను చూడబోతే చులాగ్గా తిరుగుతున్నాడు. "నాకేమీ లేదురా అబ్బాయ్, దున్నపోతులా ఉన్నాను" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. పదహారో రోజున రెండంటే రెండు ట్యాంకులు కొట్టి మళ్ళీ పడిపోయాడు. పోయినసారి పది ట్యాంకులకు పడినవాడు ఈసారి రెంటికే పడ్డాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అందులో నాలుగు రోజులు గొట్టం పెట్టి ఊపిరి ఆడించారు.

నాకు తెలిసి ఉండీ నోరు విప్పని పాఠం ఇది. వేగం ఎంజైము పరిమాణాన్ని బట్టి అని పైన రాశాను కదా. ముదిరిన ఎంజైము తిరిగి బాగుపడదు, కొత్తది తయారు కావాలి. ఎర్ర రక్తకణాల మీద ఉన్న ఈ ఎంజైమునే తీసుకోండి. ఆ కణాల్లో కేంద్రకం లేదు గనుక అవి కొత్త ఎంజైమును చేసుకోలేవు. సుమారు 120 రోజులు బతికి అవి రాలిపోతూ, కొత్త కణాలు వచ్చినకొద్దీ రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున ఎంజైము కోలుకుంటుంది. పదహారు రోజులకు ఎంత? కాని మనిషికి ఒంట్లో ఏమీ తెలియదు. ఎంజైము సగానికి పడిపోయేదాకా చాలామందికి లక్షణాలే కనపడవు. అంతా బాగున్నట్టుంటుంది, వెనకాల నిల్వ మాత్రం లేదు. అందుకే రక్తంలో ఈ ఎంజైము ఎంతుందో పరీక్ష చేయించి గాని మళ్ళీ మందు పనికి వెళ్ళకూడదు.

చిన్నాన్న తిరిగి వచ్చాక కూర్చోబెట్టి చెప్పాను. "వంద మంది కూలీలు తియ్యాల్సిన పత్తిని యాభైమంది కూడా ఎలాగో తీసేస్తారు. ఇంకో ముప్ఫైమంది మానేస్తే పత్తి చేలోనే ఉండిపోతుంది. నీ ఒంట్లో ఇప్పుడు సగంమందే ఉన్నారు. మిగతావాళ్ళు సంక్రాంతికి గాని రారు" అన్నాను. అది ఆయనకు పట్టింది. కాసేపు ఆలోచించి, "మరి నన్ను పడేసిన మందు ఆ పురుగును ఎందుకు పడెయ్యట్లేదురా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. 1987-88లో కోస్తా జిల్లాల పత్తిని శనగపచ్చ పురుగు ఊడ్చేసిన ఏడు, కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందుల్ని అది తట్టుకుంటోందని తేలింది. పురుగుల్లో ఇది రెండు మూడు దారుల్లో జరుగుతుంది. మందు తగిలే గుంట ఆకారం కాస్త మారినవి కొన్ని ఉంటాయి, మందు వాటిలో సరిగా కూర్చోదు. మందును విరగ్గొట్టే వేరే ఎంజైములు ఎక్కువగా ఉన్నవి కొన్ని. మందు కొట్టినప్పుడల్లా మిగతావి చచ్చి ఇవే పిల్లలు పెడతాయి. పురుగుకు నెలకో తరం. మనిషికి పాతికేళ్ళకో తరం. ఇంత చెప్పాక చిన్నాన్న, "అయితే కొట్టేకొద్దీ దాని పని బాగవుతోంది, మన పని పాడవుతోందన్నమాట" అన్నాడు. ఆ సీజనుకు డబ్బా మళ్ళీ ముట్టుకోలేదు. కూలికి కొట్టించాడు.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లో నిషేధించారు. అప్పటికి చాలా పంటలు గడిచాయి.

ఆ రోజు సాయంత్రం చేలోకి వెళితే కూలి మనిషి వట్టి ఒంటితో, మూతికి తువ్వాలు చుట్టుకుని మందు కొడుతున్నాడు. ఊళ్ళో అందరి చేలకీ అతనేనట. "ఎన్నాళ్ళ నుంచి కొడుతున్నావు?" అని అడిగాను.

"వినాయక చవితి నుంచి రోజూనండి" అన్నాడు.

అప్పటికి కార్తీకం వచ్చేసింది.